గూడబాతులది సైబీరియా కాదండీ

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో మా టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షుల ఫొటో వేశారు. ఫొటో బాగుంది. చింతచెట్టు కొనకొమ్మ మీద రెండు గూడబాతులు (పెలికన్లు), ఒకటి రెక్కలు సగం విప్పి, ఒకటి మెడ ముడుచుకుని. నాకు పేచీ అంతా దాని కింద వేసిన నాలుగు వాక్యాలతోనే. సైబీరియా నుంచి వేల కిలోమీటర్లు ఎగురుకుంటూ వచ్చిన విదేశీ అతిథులని రాశారు. నిరుడూ అదే రాశారు. అంతకు ముందేడూ అదే. ఫొటో మారుతోంది గానీ సైబీరియా మారడం లేదు.

నేను రిటైర్డ్ లైన్‌మన్‌ని. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో టెక్కలి, నౌపడ, సంతబొమ్మాళి వైపు నేను ఎక్కని స్తంభాలు తక్కువ. పక్షుల శాస్త్రం చదువుకోలేదు. కానీ తీగల వంక తలెత్తి చూడటమే నా ఉద్యోగం కాబట్టి, వాటి మీద ఏ నెలలో ఏ పిట్ట వాలుతుందో చూడగా చూడగా తెలిసింది. పాత డైరీల్లో ఖాళీ పేజీలు మిగిలేవి. వాటిలో రాసుకునేవాణ్ణి. ‘సెప్టెంబరు 19, వానకోయిలలు, కాలవ గట్టు లైను, నలభై దాకా’ అని ఉంటుంది, అంతే. మా ఆవిడ వాటిని చిత్తుకాగితాల వాడికి వేయబోతే రెండుసార్లు అడ్డుపడ్డాను. ఇప్పుడు డిగ్రీ చదివే మనవరాలు ఫోన్లో ఫొటోలు తీసి, ఏది ఏమిటో పుస్తకం తెరిచి చూపిస్తోంది. నా డైరీలో ‘గోధుమరంగు పిట్ట, పేరు తెలీదు’ అని ఇరవై చోట్ల ఉంది. వాటిలో సగానికి ఈ రెండేళ్లలో పేర్లు దొరికాయి.

మీ మీద తప్పు పట్టే ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఈ సైబీరియా మాటలో నా వాటా కూడా ఉంది. చాలా ఏళ్ల కిందట తేలినీలాపురంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేస్తుంటే, మోటారు సైకిలు మీద ఒక విలేకరి వచ్చి ఆగాడు. మీ పత్రికో ఇంకో పత్రికో గుర్తులేదు. “ఈ పక్షులు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?” అని అడిగాడు. అందరూ అనే మాటే నేనూ అన్నాను. ఖాకీ చొక్కా వేసుకున్నవాడు చెప్పాడు కదా అని ఆయన రాసేసుకున్నాడు. ఆ పక్కనే అరుగు మీద చింతపిక్కలు ఏరుతున్న ముసలమ్మ మా ఇద్దరి వంకా చూసి నవ్వింది. “ఏటి సైబీరియా బావూ! మా అత్త కాపరానికొచ్చినప్పటికే ఈ సింతసెట్ల మీద ఉన్నాయట ఇవి. మన పిట్టలే” అంది. మర్నాడు పేపర్లో నా మాట వచ్చింది. ముసలమ్మ మాట రాలేదు.

ఆవిడ చెప్పింది నిజమని నా బుర్రకెక్కడానికి పాతికేళ్లు పట్టింది. లెక్క చూస్తే చాలా సులువు. సైబీరియాలో పుట్టిన పక్షి అక్కడి వేసవిలో, అంటే మనకు మే నుంచి జులై లోపల, అక్కడే గూడు కట్టి పిల్లల్ని లేపుతుంది. చలికి అక్కడ నీళ్లు గడ్డకట్టి తిండి దొరకనప్పుడు ఇటు వస్తుంది. ఇక్కడ తింటుంది, ఒళ్లు చేస్తుంది, ఎండలు ముదిరే వేళకు తిరిగి పోతుంది. ఇక్కడ గూడు మాత్రం పెట్టదు. మరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చేసే పనేమిటి? సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. పుల్లలు ఏరుకొస్తాయి. ఒకదాని పుల్ల ఇంకొకటి ఎత్తుకుపోయి తగువులు కూడా పడతాయి. గుడ్లు పెడతాయి. సంక్రాంతికి చెట్టు నిండా పిల్లలు, వాటి గోల, కింద రోడ్డంతా తెల్లటి రెట్టలు. ఆ చెట్ల కింద సైకిలు ఆపి వీపు మీద మచ్చ లేకుండా ఇంటికి వెళ్లినవాణ్ణి నేను చూడలేదు. పిల్లలకు రెక్కలొచ్చాక మార్చి, ఏప్రిల్లో అన్నీ వెళ్లిపోతాయి. వెళ్లేది నీళ్లూ చేపలూ ఉన్న ఇంకో చోటికి, ఈ దేశంలోనే. గూడబాతు మన దేశంలో, శ్రీలంకలో, తూర్పున కంబోడియా దాకా ఉండే పక్షి. మంచుదేశం మొహం ఎరగదు. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్లను పట్టుకుని విదేశీ అతిథి అంటే ఆ ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుంది చెప్పండి.

సైబీరియా పేరున్న పెద్ద పక్షి ఒకటి నిజంగానే మన దేశానికి వచ్చేది. తెల్లటి ఒళ్లు, ఎర్రటి మొహం, సారసం జాతిది. అది దిగేది రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గర. 2002 తర్వాత అక్కడ కూడా కనిపించలేదు. ఆ పేరు జనం నోళ్లలో పడి, తెల్లగా పెద్దగా కనబడిన ప్రతి పక్షికీ అంటుకుందని నా అనుమానం. చిలమత్తూరు దగ్గర వీరాపురమైనా, గుంటూరు పక్కన ఉప్పలపాడైనా, మా తేలినీలాపురమైనా, ఎర్రకాళ్ల కొంగ గూడు పెట్టిన ప్రతి ఊళ్లో ఇదే కథ. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి సంగతి ఇంకా తమాషా. అక్కడికి నత్తగుల్ల కొంగలు తొలకరికి వస్తాయి, పొలాల్లో నత్తల్ని తిని పిల్లల్ని పెంచుకుని చలి మొదలయ్యే వేళకు పోతాయి. వాటినీ సైబీరియా వలస పక్షులనే రాస్తారు. చలికి భయపడి వచ్చే పక్షి జూన్‌లో వచ్చి చలికాలంలో ఎందుకు పోతుందండీ?

ఒక్క మాట దగ్గర ఇంత పట్టుదల దేనికని మీరు అనుకోవచ్చు. మా అబ్బాయి కూడా అదే అన్నాడు. నా జవాబు ఇదీ: అతిథి అన్నాక, రావడం పోవడం వాళ్లిష్టం. ఒక ఏడాది తక్కువొస్తే అక్కడేదో జరిగి ఉంటుందిలే అని ఊరుకుంటాం. 1946లో నీలకంఠన్ గారనే పక్షి పరిశీలకుడు కొల్లేరు ప్రాంతంలో గూడబాతులు గూళ్లు పెట్టే చోటు కనిపెట్టారని మనవరాలు చదివి చెప్పింది. దాదాపు 3000 పక్షులట. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ అయిపోయింది. దారి తప్పో, మంచు తుఫానులో చిక్కుకునో కాదు. మన ఊళ్ల మధ్యే, మన కళ్ల ముందే ఖాళీ అయింది. 2022 మొదట్లో తేలినీలాపురంలో గూడబాతులు చెట్ల మీద నుంచి రాలిపడ్డాయి కదా, అప్పుడూ అంతే. వందకు పైగా చచ్చిపోయాయి. పేగుల్లో పురుగులు చేరాయని, తిన్న చేపల ద్వారా వచ్చాయని పశువైద్యులు తేల్చారు. ఆ చేపలు మన చెరువుల్లోవే. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి “సైబీరియాలో ఏదో వైరస్సట” అని ఎంత ధీమాగా చెప్పాడో! అందరూ తలలూపారు. నేనూ ఊపి ఉంటాను.

మా శాఖ పాపం కూడా కొంత చెప్పాలి. తీగ మీద పిట్ట కూర్చుంటే షాక్ కొట్టదా అని పిల్లలు అడుగుతుంటారు. ఒక్క తీగనే పట్టుకుని కూర్చుంటే కొట్టదు, కరెంటుకు దాని ఒంట్లోంచి పోవడానికి ఇంకో దారి ఉండదు కాబట్టి. అదే పక్షి ఒకేసారి రెండో తీగనో, స్తంభానికి అడ్డంగా ఉండే ఇనుప క్రాస్ ఆర్మ్‌నో తాకిందంటే పోయినట్టే. 11 కేవీ లైనులో తీగకూ తీగకూ మధ్య మూడు నాలుగు అడుగులుంటుంది. పిచ్చుకకు, పాలపిట్టకు అది ఆకాశమంత దూరం. గూడబాతు రెక్కలు చాస్తే ఏడడుగుల పైమాటే. పొగమంచు పట్టిన ఒక డిసెంబరు తెల్లారుజామున లైను ట్రిప్ అయిందని వెళితే, గట్టు మీద ఎర్రకాళ్ల కొంగ పడి ఉంది. ముక్కులో చేప ఇంకా కదులుతోంది. లైన్ క్లియర్ తీసుకుని, అంటే కరెంటు ఆపించి, పక్షిని పక్కకు జరిపి, సరఫరా ఇచ్చేసి వచ్చాను. కారణం దగ్గర ‘పక్షి తగిలి’ అని రాశాను. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం తినలేకపోయానని రాస్తే అబద్ధమవుతుంది, తిన్నాను. కానీ ఆ చేప మాత్రం గుర్తుండిపోయింది. పక్షులు పిల్లల్ని పెంచే ఊళ్లలోనైనా ఆ తీగలకు తొడుగు వేయొచ్చు, అంత కష్టమేమీ కాదు. వేసేవాళ్లకు తెలుసు.

సరే, మరి సైబీరియా వాళ్లు అసలు రారా అంటే వస్తారు. బోలెడుమంది వస్తారు. మీ ఫొటోగ్రాఫరు వాళ్ల పక్కనుంచే బండి మీద వెళ్లిపోతుంటాడు.

ఈ ఏడాది నేను చూసింది చూసినట్టు రాస్తాను. సెప్టెంబరు మొదటి వారంలోనే మా పంపుషెడ్డు సిమెంటు గట్టు మీద తోకూపుడు పిట్ట ఒకటి దిగింది. అది ఒక్క క్షణం నిలవదు, నడిచినంతసేపూ తోక కిందకీ పైకీ కొడుతూనే ఉంటుంది. ఆ వారమే వెదురు డొంకలోంచి సాయంత్రం పూట కటకటమని గొడవ. అది గోధుమరంగు కీచురాయి పిట్టని ఒకాయన చెప్పాడు గానీ ఆ పేరు నాకు నమ్మకం లేదు. కళ్లకు నల్లటి గంత కట్టినట్టుంటుంది, పట్టిన మిడతను తుమ్మముల్లుకు గుచ్చి తీరిగ్గా తింటుంది. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, దాని పుట్టిల్లు అచ్చంగా సైబీరియా వైపు. ఏటా అదే డొంక, అదే కొమ్మ. నిరుడొచ్చినదే మళ్లీ వచ్చిందో లేదో ప్రమాణం చేయలేను, కానీ నా మనసుకు అదే ఇది.

సెప్టెంబరు మూడో వారంలో వానకోయిలలు తీగల మీద బారులు తీరాయి. వాటిని చూస్తే నాకు 2018 గుర్తొస్తుంది. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి మామిడి నేలమట్టం. మా స్తంభాలూ అంతే, వరసగా పడుకున్నాయి. నెల రోజులు ఇంటి మొహం చూడకుండా పని చేశాం. అప్పుడు ఒక పొద్దున్న వానకోయిలల గుంపొకటి వచ్చింది. వాలడానికి తీగ లేదు. కాసేపు గాల్లో తిరిగి తిరిగి, మేం కొత్త లైనుకని నేల మీద పరిచి ఉంచిన కండక్టరు తీగ మీద వాలాయి, నేల మీదే, వరసలోనే. “ముందు వీటికి కనెక్షన్ ఇచ్చేద్దాం గురూ” అన్నాడు మా హెల్పరు. ఆ నెలలో మేం నవ్వింది అప్పుడే.

అక్టోబరులో వరి పొట్టకొచ్చే వేళ తూనీగలు పొలాల మీద మేఘంలా తేలతాయి. వాటిలో పసుప్పచ్చటి రకం సముద్రం దాటి మాల్దీవుల మీదుగా ఆఫ్రికా దాకా పోతుందట. తోకకు దారం కట్టి ఆడించినవాళ్లం కదా, చదివాక కొంచెం సిగ్గేసింది. దీపావళి దాటాక గట్ల మీద పొదల కొనల్లో నల్లతల పిట్ట ఒకటి, గుప్పెట్లో పట్టేంతది, రెండు రాళ్లు కొట్టుకున్నట్టు టక్ టక్‌మంటూ కూర్చుంటుంది. దీని ఇంగ్లిష్ పేరులోనే సైబీరియా ఉందని మనవరాలు పుస్తకంలో చూపించింది. పదమూడు, పద్నాలుగు గ్రాముల బరువు. సైబీరియా అనే మాట వాడి తీరాలంటే ఇదిగో, దీనికి వాడండి. ఇక చింతచెట్టు ఆకుల్లో ఆకులా కలిసిపోయి చిస్‌విట్, చిస్‌విట్‌మనే పచ్చపిట్ట ఉంది. ఒక్క రూపాయి బిళ్లలు రెండు చేతిలో పెట్టుకుంటే ఎంత బరువో అంతే ఉంటుంది. అది హిమాలయాలు, ఆ పైన దేశాల నుంచి వస్తుంది. గూడబాతులు కూర్చునే అదే చింతచెట్టు. పైకొమ్మ మీద ఇక్కడి పక్షి, కింది ఆకుల్లో అసలైన విదేశీ. కెమెరా ఎప్పుడూ పైకొమ్మకే.

అన్నిటికన్నా చూడాల్సింది నౌపడ ఉప్పు మళ్లు. నవంబరులో పొద్దున్నే వెళితే మడుల్లో పలచటి నీళ్ల అంచున బురద మీద ఏదో పాకుతున్నట్టుంటుంది. పరకాయించి చూస్తే ఉల్లంకి పిట్టలు, వందల్లో. అన్నిటిలోకీ చిన్నది పాతిక గ్రాములు తూగదు. ఆర్కిటిక్ అంచుల్లో, చెట్టు కూడా మొలవని సైబీరియా నేల మీద పుట్టి, పుట్టిన రెండు మూడు నెలలకే ఇంత దూరం వస్తుంది. కుట్టుమిషను సూదిలా టకటకమని బురదలో పొడుస్తూనే ఉంటుంది. పక్కనే బంగారు చుక్కల వీపున్నవి కాస్త పెద్దవి, అవీ అటువైపువే. నిద్రలేవగానే వీటి కోసం ఎందుకు బయల్దేరతావని మా ఆవిడ అడిగితే, కొలీగ్స్ అన్నాను. డ్యూటీ మీద దూరం వచ్చినవాళ్లు.

ఈ పిట్టలు తినేది తంపరలో, అంటే నీళ్లు నిలిచే పల్లపు నేలలో, ఉప్పు మళ్లలో, సముద్రపు పాటు నీళ్లు తీసిన బురదలో. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు పిల్లలకు చేపలు తెచ్చేదీ ఆ తంపర నుంచే. కాగితాల మీద దాన్ని పనికిరాని భూమి అని రాసుకుంటారు. 2010లో సోంపేట బీల (అదీ తంపర లాంటి తడినేలే) దగ్గర, 2011లో కాకరాపల్లి తంపర దగ్గర థర్మల్ ప్లాంట్ల గొడవల్లో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రైతులూ, జాలర్లూ మొత్తుకున్నది ఇదే, ఇది ఖాళీ భూమి కాదని. కరెంటు శాఖలో పనిచేసినవాణ్ణి, కరెంటు అక్కర్లేదని నేనెలా అంటాను? అయితే నీళ్లున్న నేలను ఖాళీ అనకూడదని మాత్రం అంటాను.

మీరు చేయగలిగింది చిన్నది. తేలినీలాపురం గురించి రాసినప్పుడు ‘మన గూడబాతులు’ అని రాయండి. దీపావళికి, ఆ తర్వాత నాలుగు రోజులకే వచ్చే నాగులచవితికి ఆ వీధుల్లో ఔట్లు కాల్చొద్దని పండగకు ముందే రాయండి, తర్వాత కాదు. గుడ్లు పెట్టే రోజులవి, పెద్ద చప్పుడుకు తల్లి లేచిపోతే కాకులు కాచుకునే ఉంటాయి. ఊరివాళ్లకు ఇది కొత్త కాదు, ఆ పక్షులు రాకపోతే ఆ ఏడు కలిసిరాదని వాళ్లే నమ్ముతారు. బయటినుంచి బండ్ల మీద చూడటానికొచ్చే కుర్రాళ్లకే చెప్పాలి. కార్తీక వనభోజనాలకు వచ్చి డీజే పెట్టేవాళ్లకు కూడా.

ఇక మీ విలేకరిని నవంబరు రెండో వారంలో ఏదో ఒక రోజు నౌపడ పంపించండి. ఆరు గంటలకల్లా స్టేషను బయట టీ కొట్టు దగ్గర ఉంటాను, పాత ఖాకీ స్వెట్టరు వేసుకుని. ఏడున్నరకు ఎండ ఎక్కితే బురద మెరిసి ఏమీ కనిపించదు, ఆలస్యం చేయొద్దనండి. బైనాక్యులర్ మనవరాలిది తెస్తాను. ఫొటోగ్రాఫరు గారికి మాత్రం ముందే చెప్పండి, ఈసారి కెమెరా కిందికి దించాలి, ప్యాంటుకు బురద అంటుతుంది. టీ డబ్బులు నేనిస్తాను, పాత బాకీ ఒకటి ఉంది కదా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్‌మన్,
టెక్కలి మండలం, శ్రీకాకుళం జిల్లా